ఒక్కో ఫ్రేముకు ఎంత పడుతోంది?



కాలేజీకి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట ఏదో ఒకనాడు వినబడుతుంది: "నాన్నా, కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు కావాలి." ఎంతవుతుందిరా అంటే "ముప్ఫై వేలు" అంటాడు. ముప్ఫై వేలంటే చాలా ఇళ్లలో నెల జీతం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతికే కుర్రాడికైతే అది రెండు మూడు ఆర్డర్ల మీద మిగిలే డబ్బు. అంత సొమ్ము పెట్టి కొనే వస్తువును పెట్టె మీది పేరు చూసో, కౌంటర్ వెనక మనిషి మాట విని నమ్మేసో ఇంటికి తెచ్చుకుంటుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఏ కార్డు ధరకు తగ్గ పని చేస్తుందో కొనకముందే లెక్క కట్టొచ్చు. దానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, కూడికలూ భాగహారాలూ వస్తే చాలు. వీలుంటే ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందు పేర్ల సంగతి చూద్దాం, ఎందుకంటే మోసపోయేది ఎక్కువగా అక్కడే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ బజారుకు వెళ్లి, ఏ దుకాణంలోనైనా "అన్నా, 5060 టీఐ ఎంత?" అని అడగండి. "ఎనిమిదా, పదహారా తమ్ముడూ?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా 2025 ఏప్రిల్‌లో ఆ కార్డును ఒకే పేరుతో రెండు రకాలుగా విడుదల చేసింది. 8 జీబీ మెమొరీ ఉన్నది 379 డాలర్లు, 16 జీబీ ఉన్నది 429 డాలర్లు. ఇక్కడ లోపలి చిప్ రెండింటిలోనూ ఒకటే, మెమొరీలోనే తేడా. అది కొంత నయం. అదే కంపెనీ ఆర్టీఎక్స్ 3050 చూడండి. 8 జీబీ కార్డులో లెక్కలు కట్టే కోర్లు 2,560 ఉంటాయి. 2024లో వచ్చిన 6 జీబీ కార్డు కూడా 3050యే, కానీ అందులో కోర్లు 2,304. మెమొరీ వేగం సెకనుకు 224 జీబీ నుంచి 168 జీబీకి పడిపోయింది. రెండు జీబీలు తగ్గాయంతే కదా అనుకుని కొన్నవాడికి చిప్పే చిన్నదైందని పెట్టె ఎక్కడా గట్టిగా చెప్పదు.

ఇంతకంటే ఘోరం జీటీ 1030. 2017లో వచ్చినప్పుడు అందులో జీడీడీఆర్5 మెమొరీ ఉండేది, వేగం సెకనుకు 48 జీబీ. మరుసటేడు అదే పేరుతో మామూలు డీడీఆర్4 మెమొరీ పెట్టిన రకం బజారులోకి వచ్చింది. దాని వేగం సెకనుకు 17 జీబీ కూడా లేదు. అంటే మూడో వంతు. ఆఫీసు కంప్యూటర్‌లో చౌకగా ఒక కార్డు పెట్టుకుందాం అనుకునే మామూలు జనం కొనే సరుకు అది. వాళ్లలో ఎంతమంది ఆ మెమొరీ రకం చదివి కొని ఉంటారు?

పేరుకే ఒక ధర ఉంటుందని చెప్పే కథ ఒకటుంది. 2022 సెప్టెంబరులో ఎన్విడియా ఆర్టీఎక్స్ 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించింది. ఒకటి 16 జీబీ, ఇంకోటి 12 జీబీ. 12 జీబీ కార్డులో వాడింది వేరే చిప్, అదీ చిన్న చిప్. సమీక్షకులు, కొనుగోలుదారులు గట్టిగా నిలదీశారు. అక్టోబరు 14న కంపెనీ ఆ 12 జీబీ కార్డును వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో అదే చిప్ ఆర్టీఎక్స్ 4070 టీఐ అనే పేరుతో వచ్చింది. ముందు చెప్పిన ధర 899 డాలర్లు, పేరు మారాక 799. సరుకు మారలేదు, వంద డాలర్లు తగ్గింది. జనం ఊరుకుని ఉంటే ఆ వంద డాలర్లు 80 అనే రెండంకెలకు కట్టి ఉండేవాళ్లం.

ల్యాప్‌టాప్‌ల దగ్గర ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. డెస్క్‌టాప్‌లో ఆర్టీఎక్స్ 4090 అంటే 16,384 కోర్లు, 24 జీబీ మెమొరీ. ల్యాప్‌టాప్‌లో అదే 4090 అంటే 9,728 కోర్లు, 16 జీబీ. పైగా ల్యాప్‌టాప్ చిప్‌కు ఎన్ని వాట్ల కరెంటు ఇవ్వాలో తయారీదారు తనకు నచ్చినట్టు పెట్టుకుంటాడు. ఆర్టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌ను 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా నడపొచ్చు. ఒకే చిప్, పక్కపక్కన రెండు ల్యాప్‌టాప్‌లు, ఒకటి బాగా వెనకబడుతుంది. కాబట్టి ల్యాప్‌టాప్ కొనేటప్పుడు "ఏ కార్డు" అన్న ప్రశ్నతో పాటు "ఎన్ని వాట్లు" అని కూడా అడగండి. దుకాణంలో చెప్పలేకపోతే కంపెనీ ఇచ్చే వివరాల పట్టీలో టీజీపీ అన్న చోట ఉంటుంది.

ఇక అసలు లెక్కకు వద్దాం. గ్రాఫిక్స్ కార్డు చేసే పని తెర మీద బొమ్మలు గీయడం. సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తే అన్ని ఫ్రేములు. 60 గీస్తే ఆట హాయిగా సాగుతుంది. 30కి దిగితే కంటికి తెలిసిపోతుంది. ధరను ఈ ఫ్రేముల సంఖ్యతో భాగిస్తే ఒక్కో ఫ్రేముకు ఎంత పడుతోందో వస్తుంది.

రెండు కార్డులు ఊహించుకుందాం. మొదటిదాని ధర 28,000 రూపాయలు, అది సెకనుకు 70 ఫ్రేములు ఇస్తుంది. రెండోదాని ధర 36,000, అది 84 ఇస్తుంది. భాగించండి. మొదటిదానికి ఫ్రేముకు 400 రూపాయలు. రెండోదానికి దాదాపు 429. మొదటిదే చవక. చాలామంది సమీక్షకులు ఇక్కడ ఆగిపోతారు. మనం ఆగకూడదు.

మీరు కొత్తగా కంప్యూటర్ మొత్తం కొంటున్నారనుకోండి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్, అన్నీ కలిపి 45,000. ఏ కార్డు పెట్టినా ఆ ఖర్చు తప్పదు. మొదటి కార్డుతో మొత్తం 73,000, దాన్ని 70తో భాగిస్తే 1,043. రెండో కార్డుతో మొత్తం 81,000, దాన్ని 84తో భాగిస్తే 964. ఇప్పుడు రెండోదే చవకైంది! మొత్తం ఖర్చు పదకొండు శాతం పెరిగితే ఫలితం ఇరవై శాతం పెరిగింది. కార్డును మాత్రమే చూసి "ఎనిమిది వేలు మిగుల్చుకుందాం" అనుకునేవాళ్లు, ఆ 45,000 నుంచి రావాల్సిన పనిని కూడా తగ్గించేసుకుంటున్నారు. కొత్త కంప్యూటర్ కొనేవాళ్లు చేసే తప్పుల్లో నాకు పెద్దదిగా కనిపించేది ఇదే.

పాత కంప్యూటర్‌లో కార్డు ఒక్కటే మార్చేవాళ్లకు లెక్క వేరు. వాళ్లు కొనేది మొత్తం ఫ్రేములను కాదు, పెరిగే ఫ్రేములను. మీ పాత కార్డు 40 ఫ్రేములు ఇస్తోంది, అమ్మితే 8,000 వస్తుందనుకుందాం. మొదటి కార్డుకు చేతి నుంచి పడేది 20,000, పెరిగే ఫ్రేములు 30. ఒక్కో అదనపు ఫ్రేముకు 667 రూపాయలు. రెండోదానికి పడేది 28,000, పెరిగేవి 44. ఒక్కోదానికి 636. రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఏది కొన్నా నష్టం లేదు. అదే మీ పాత కార్డు ఇప్పటికే 60 ఇస్తుంటే? మొదటిదానికి 20,000 పెడితే పెరిగేది 10 ఫ్రేములే. ఒక్కో ఫ్రేముకు రెండు వేలు! రెండో కార్డుకు కూడా దాదాపు 1,170 పడుతుంది. అలాంటప్పుడు ఆ డబ్బు బ్యాంకులో వేసుకుని మరో ఏడాది ఆగండి. ఈ మాట దుకాణంలో మీకు ఎవరూ చెప్పరు.

సరే, ఈ ఫ్రేముల అంకెలు ఎక్కడి నుంచి తేవాలి? సమీక్షల నుంచే తేవాలి. కానీ వాటిని చదవడంలో ఓ పద్ధతి ఉంది.

మొదటిది, సగటు చూసి మోసపోవద్దు. ఐదు ఆటల్లో పరీక్ష పెట్టారనుకుందాం. ఒకటి వాలొరెంట్ లాంటి తేలిక ఆట. అందులో ఒక కార్డు 400, ఇంకోటి 340. మిగతా నాలుగూ బరువైన ఆటలు, వాటిలో మొదటి కార్డు 50 చొప్పున, రెండోది 60 చొప్పున. సగటు కట్టండి. మొదటిదానికి 120, రెండోదానికి 116. పట్టికలో మొదటి కార్డు గెలిచింది. నిజానికి కార్డు సత్తా తేలేది ఆ నాలుగు బరువైన ఆటల్లోనే, అక్కడ రెండోదే ఇరవై శాతం మెరుగు. 400కీ 340కీ తేడా మామూలు ఆటగాడి కంటికి ఆనదు. అందుకే సగటును వదిలేసి, మీరు ఆడే మూడు నాలుగు ఆటల అంకెలే విడిగా ఏరి రాసుకోండి.

రెండోది, ఫ్రేములు ఎంత నిలకడగా వస్తున్నాయన్నది. సెకనుకు 60 అంటే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు. సెకనులో చాలా బొమ్మలు పది మిల్లీసెకన్లకే వచ్చి, ఒక్కటి మాత్రం ఎనభై తీసుకుంటే? సగటు చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, ఆటలో మాత్రం సరిగ్గా గురి చూసి కాల్చే క్షణంలో తెర జర్క్ ఇస్తుంది. స్కాట్ వాసన్ అనే సమీక్షకుడు 2011లో ఈ విషయాన్ని పట్టుకుని, సెకను లోపల ఏం జరుగుతోందో ఫ్రేము ఫ్రేముగా కొలిచి చూపించాడు. ఆ తర్వాతే సమీక్షల్లో "ఒక శాతం కనిష్ఠం" అన్న అంకె మామూలైంది. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క అది. రెండు కార్డులూ సగటున 80 ఇస్తున్నా, ఒకదాని కనిష్ఠం 62, ఇంకోదాని కనిష్ఠం 31 అయితే, ఆ రెండోది చౌకగా దొరికినా నేను తీసుకోమనను.

మూడోది కొత్తగా వచ్చిన చిక్కు. 2025 జనవరిలో లాస్ వేగాస్ సభలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్, 549 డాలర్ల 5070 కార్డు 4090తో సమానంగా పనిచేస్తుందన్నారు. 4090 విడుదలైనప్పుడు దాని ధర 1,599 డాలర్లు. వినడానికి ఎంత బాగుందో! ఆ పోలిక వెనక ఉన్నది ఫ్రేము జనరేషన్. కార్డు నిజంగా గీసిన ఒక్కో బొమ్మకు మూడేసి బొమ్మలను అంచనాతో కల్పించి మధ్యలో చేర్చడం. తెర మీద కదలిక నున్నగా కనిపిస్తుంది, అది నిజమే. కానీ మీరు మౌస్ నొక్కిన సంగతి ఆటకు తెలిసేది నిజమైన బొమ్మల వేగంతోనే. 25 నిజమైన ఫ్రేములను వందగా చూపిస్తే కంటికి వంద, చేతికి 25. ఆ కల్పన లేకుండా పరీక్షించినవాళ్లకు 5070 ఎక్కడా 4090 దరిదాపుల్లోకి రాలేదు. ఆ సదుపాయం పనికిరాదని నేను అనను. ముందే 60 ఇస్తున్న కార్డుకు అది చక్కటి తోడు. కార్డులు పోల్చేటప్పుడు మాత్రం దాన్ని ఆపి తీసిన అంకెలే పక్కపక్కన పెట్టాలి.

ఇక మెమొరీ. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఇవాళ మూడేళ్లు మన్నే కార్డును, ఏడాదికే ఇబ్బంది పెట్టే కార్డును వేరు చేస్తున్నది ఇదే.

ఆటలో గోడల రంగులు, మనుషుల మొహాలు, చెట్ల ఆకులు, ఇవన్నీ కార్డు మెమొరీలో ఉండాలి. అక్కడ చోటు చాలకపోతే మిగిలినవి కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతాయి. అవసరమైనప్పుడల్లా మదర్‌బోర్డు స్లాట్ గుండా తెచ్చుకోవాలి. ట్యాంకు నిండా నీళ్లున్నా పైపు సన్నగా ఉంటే కుళాయి కింద బిందె త్వరగా నిండదు, అలాగే. అంకెల్లో చూడండి: 5060 టీఐ తన సొంత మెమొరీ నుంచి సెకనుకు 448 జీబీ లాగుతుంది. స్లాట్ గుండా అయితే కొత్త మదర్‌బోర్డులో సుమారు 32 జీబీ. 2020 నాటి ఇంటెల్ పదో తరం బోర్డులో అయితే స్లాట్ పాతది, పైగా స్లాట్‌లోని డేటా దారుల్లో (లేన్లలో) ఈ కార్డు వాడేది ఎనిమిదే, కాబట్టి సుమారు 8 జీబీ. 448 ఎక్కడ, 8 ఎక్కడ! ఎనిమిది జీబీ కార్డును పాత బోర్డులో పెట్టుకున్నవాడికి మెమొరీ నిండిన మరుక్షణం ఆట ఈడ్చుకుంటూ నడుస్తుంది. దీనికి పోటీగా ఏఎమ్‌డీ 2025 జూన్‌లో తెచ్చిన ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ పదహారు లేన్లు వాడుతుంది, కాబట్టి పాత బోర్డులో దానికి ఆ దెబ్బ తక్కువ. అందులోనూ విడుదలప్పుడు 8 జీబీ ధర 299 డాలర్లు, 16 జీబీ ధర 349 డాలర్లు. రెండు కంపెనీల విడుదల ధరల్లోనూ ఎనిమిదికీ పదహారుకీ మధ్య తేడా యాభై డాలర్లే. నా మాటగా చెబుతున్నాను: బరువైన ఆటలు ఆడాలనుకునేవాళ్లు, కార్డును నాలుగేళ్లు వాడాలనుకునేవాళ్లు ఆ తేడా దగ్గర పొదుపు చేయవద్దు. కేవలం వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లకు ఎనిమిది సరిపోతుంది.

ఇప్పుడు మీ బల్ల మీద ఉన్న మానిటర్ వైపు చూడండి. 1080పీ తెర మీద 20 లక్షల 70 వేల పైచిలుకు చుక్కలుంటాయి. 1440పీ అయితే దాదాపు 37 లక్షలు. 4కే అయితే 83 లక్షలు. 1080పీకి సరిగ్గా నాలుగింతలు. 4కే మానిటర్‌లో చేసిన పరీక్ష చూసి, ఇంట్లో 1080పీ మానిటర్ పెట్టుకుని కార్డు ఎంచుకోవడం అర్థం లేని పని. మీ మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే సెకనుకు 60 బొమ్మలే చూపిస్తుంది. దానికి 140 ఫ్రేముల కార్డు తెస్తే మీ కంటికి చేరనివాటికి కూడా డబ్బు కట్టినట్టే. అలాంటప్పుడు ఒక మెట్టు చిన్న కార్డు తీసుకుని, మిగిలిన డబ్బు మానిటర్ మీద పెట్టడం మేలు.

ప్రాసెసర్ సంగతి కూడా ఇంతే. సమీక్షకులు కార్డులను బజారులోకెల్లా వేగమైన ప్రాసెసర్ పెట్టి పరీక్షిస్తారు. అది న్యాయమే, లేకపోతే కార్డుల మధ్య తేడా బయటపడదు. మన ఇంట్లో ఉన్నది ఆరేళ్ల కిందటి ప్రాసెసర్. ఇంటెల్ 2024 డిసెంబరులో 249 డాలర్లకు 12 జీబీ మెమొరీతో ఆర్క్ బీ580 తెచ్చింది. ఆ ధరకు అంత మెమొరీ ఇంకెవరూ ఇవ్వడం లేదని అందరూ మెచ్చుకున్నారు. కొన్ని వారాలకే, పాత ప్రాసెసర్‌లతో పెట్టి చూస్తే అది బాగా వెనకబడుతోందని పరీక్షల్లో తేలింది. దాని అప్పటి డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేసేది. కార్డు మెమొరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే రీసైజబుల్ బార్ సదుపాయం లేని పాత బోర్డులో అయితే ఆ కార్డు గురించి ఆలోచించకపోవడమే మంచిది. చిత్రమేమిటంటే, చౌక కార్డు కొనేవాడి దగ్గరే కదా పాత ప్రాసెసర్ ఉండేది!

మీ ప్రాసెసర్ అడ్డుపడుతుందో లేదో రూపాయి ఖర్చు లేకుండా ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మీరు ఆడే ఆటలో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. 1080పీ నుంచి 720పీకి దించండి. ఫ్రేములు గబగబా పెరిగాయా, అడ్డం మీ కార్డే, కొత్త కార్డు మీకు ఉపయోగపడుతుంది. ఫ్రేములు దాదాపు అక్కడే ఉన్నాయా, అడ్డం ప్రాసెసర్. ఎంత గొప్ప కార్డు తెచ్చినా ఆ అంకె కదలదు. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఎవరూ దుకాణానికి బయల్దేరవద్దని నా మనవి.

ఇక ఆటలు ఆడనివాళ్ల మాట. మన ఊళ్లలో గ్రాఫిక్స్ కార్డులతో అన్నం తింటున్నవాళ్లలో పెళ్లి వీడియోలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మాఘమాసం వచ్చిందంటే రాత్రింబవళ్లు ఎడిటింగే. వాళ్లకు ఫ్రేముల లెక్క పనికిరాదు. ఇప్పటి కెమెరాలు చాలా రంగుల వివరం ఎక్కువ ఉంచే 4:2:2, 10 బిట్ పద్ధతిలో రికార్డు చేస్తాయి. ఆ ఫైళ్లను విప్పే ఏర్పాటు ఎన్విడియా 40 సిరీస్ కార్డుల్లో లేదు, 50 సిరీస్‌లో పెట్టారు. ఇంటెల్ పదకొండో తరం నుంచి ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్, హెచ్ఈవీసీ రకం 4:2:2 ఫైళ్లను విప్పుతుంది. అంటే లక్ష రూపాయల పాత తరం కార్డు పెట్టినా టైమ్‌లైన్ ముందుకు జరపగానే వీడియో తడబడొచ్చు, కార్డే లేని ఇంటెల్ యంత్రంలో అదే ఫైలు సాఫీగా నడవొచ్చు. కాబట్టి మీ కెమెరాలోని ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి, దుకాణంలో లేదా తెలిసినవాళ్ల స్టూడియోలో ఆ కార్డు మీద తెరిచి చూడండి. ఇంకో మాట: మీ స్టూడియోకు జీఎస్టీ నమోదు ఉండి, కాంపొజిషన్ పథకంలో లేకపోతే, కార్డు మీద కట్టిన 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. బిల్లు స్టూడియో జీఎస్టీ నంబరుతో తీసుకోండి.

మెషిన్ లెర్నింగ్ చదివే విద్యార్థులకు మెమొరీయే సర్వస్వం. 700 కోట్ల పారామీటర్లున్న భాషా మోడల్‌ను 16 బిట్లలో పెట్టాలంటే 14 జీబీ కావాలి. 4 బిట్లకు కుదిస్తే మూడున్నర, నాలుగు జీబీల్లో సర్దుకుంటుంది. మోడల్ పట్టని వేగమైన కార్డు కంటే పట్టే నెమ్మది కార్డు నయం. అందుకే 2021లో వచ్చిన ఆర్టీఎక్స్ 3060 12 జీబీకి ఈ విద్యార్థుల్లో ఇంకా గిరాకీ ఉంది. కొనేటప్పుడు మాత్రం తర్వాత వచ్చిన 8 జీబీ రకం అంటగట్టకుండా చూసుకోండి. పేరు అదే 3060, మెమొరీ వేగం మాత్రం సెకనుకు 360 జీబీ నుంచి 240కి తగ్గింది. ఈ రంగంలో చాలా సాఫ్ట్‌వేర్ ఎన్విడియా వారి "కుడా" (CUDA) అనే సాఫ్ట్‌వేర్ వేదిక మీదే ముందుగా, సులువుగా నడుస్తుంది. ధర కొంచెం ఎక్కువైనా విద్యార్థికి ఎన్విడియా కార్డే తీసుకోమంటాను, ఇన్‌స్టాల్ చేయడంతోనే వారాలు గడిపేయకుండా.

కరెంటు గురించి చాలామంది భయపడతారు. 60 వాట్ల తేడా ఉన్న రెండు కార్డులు రోజుకు నాలుగు గంటలు, ఏడాదిలో 300 రోజులు నడిస్తే తేడా 72 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా ఆరు వందల లోపే. దాని కోసం కార్డు మార్చుకోనక్కర్లేదు. చూడాల్సింది కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌ను. స్లాట్ నుంచి వచ్చేది 75 వాట్లే. 3050 6 జీబీ లాంటి 70 వాట్ల కార్డు అంతటితో సరిపెట్టుకుంటుంది. ఆఫీసుల నుంచి తీసేసిన పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లకు అందుకే అది కుదురుతుంది. 145 వాట్ల 5060 లాంటివాటికి విడిగా పవర్ కేబుల్ కావాలి. మీ ఎస్ఎంపీఎస్‌కు ఆ కేబుల్ లేకపోతే, ఉన్నా అది ఊరూ పేరూ లేని రకమైతే, కొత్తదాని ధర కూడా కార్డు ధరలో కలిపి అప్పుడు భాగించండి. క్యాబినెట్ లోపల టేపు పెట్టి పొడవు కూడా కొలవండి.

ధర అన్నాం కదా, ఏ ధర? అమెరికా ప్రకటనల్లో చెప్పే డాలర్ల ధరలో పన్ను ఉండదు. 299 డాలర్ల కార్డు, డాలరు 85 రూపాయలనుకుంటే 25,400 చిల్లర. మన 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 30,000. కాబట్టి ఇక్కడ ముప్ఫై వేలు చెప్తే దుకాణదారు దోచుకుంటున్నాడని అనుకోనక్కర్లేదు, ముప్ఫై ఆరు చెప్తే అడగండి. "అమెరికాలో అన్నయ్య ఉన్నాడు, వచ్చేటప్పుడు తెమ్మంటాను" అంటారు కొందరు. డల్లాస్‌లో కొంటే 8.25 శాతం అమ్మకం పన్ను పడి 324 డాలర్లవుతుంది, అంటే 27,500. మిగిలేది రెండున్నర వేలు. కొన్ని కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. మూడేళ్ల వారంటీని రెండున్నర వేలకు వదులుకోవడం నాకైతే నచ్చదు.

సెకండ్‌హ్యాండ్ కార్డులు కూడా చూడొచ్చు, భయపడాల్సిన పని లేదు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే డిజిటల్ నాణేల వ్యవస్థ తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో ఆ నాణేల మైనింగ్ ఆగిపోయింది. రేయింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా పాత బజారుకు వచ్చాయి. అలా నడిచినంత మాత్రాన చిప్ పాడైపోదు. ఫ్యాన్లు, లోపలి థర్మల్ ప్యాడ్లు అరుగుతాయి. అసలు ప్రమాదం నకిలీలది. పాత చిప్‌కు కొత్త పేరు ఎక్కించి 1050 టీఐ అని అమ్మినవి ఉన్నాయి. ఆర్ఎక్స్ 580 అని చెప్పి 2048ఎస్‌పీ రకం ఇస్తారు. అసలు 580లో 2,304 కోర్లుంటే ఇందులో 2,048, అంటే 570తో సమానం. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ వీటిని పట్టేస్తుంది. డబ్బు చేతికిచ్చే ముందు అది తెరిచి కోర్ల సంఖ్య, మెమొరీ రకం, మెమొరీ సైజు చూడండి. తర్వాత ఏదైనా బరువైన ఆటను అరగంట వదలకుండా నడపండి. తెర మీద రంగు చుక్కలు, గీతలు వచ్చినా, ఫ్యాన్ కరకరలాడినా, కంప్యూటర్ దానంతటదే ఆగిపోయినా ఆ కార్డు వద్దు.

కొత్త కార్డుకు కూడా మొదటి రోజు ఇదే పరీక్ష పెట్టండి. పెట్టె మీది సీరియల్ నంబరు, కార్డు వెనక అతికించిన సీరియల్ నంబరు ఒకటేనా అని దుకాణంలోనే సరిచూసి, అదే నంబరు బిల్లు మీద రాయించుకోండి. వారంటీకి వెళ్లినప్పుడు ముందు అడిగేది అదే.